సరిదిద్దిన గొంతు

నేను హాల్లోకి అడుగుపెట్టేసరికి మా తోడికోడలు నా మైకు ముందు నిలబడి ఉంది. కోరస్ మైకు వెనక వరసలో ఉంటుంది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ చోటు అదే. అలాంటిది నా స్టాండుని తన ఎత్తుకి దించుకుని, "హలో, హలో" అంటోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటిది?" అన్నాను.

"బావగారు ఒకసారి చూసుకోమన్నారక్కా," అంది, నా మొహంలోకి చూడకుండా.

బావగారంటే మా ఆయన. మా బ్యాండులో డ్రమ్ములు ఆయనవి, పెత్తనమూ ఆయనదే. ల్యాప్‌టాప్ మా మరిదిది. మైకులు, గిటారు, కీబోర్డు అన్నిటి వైర్లూ ఒక పెట్టెలోకి దూరి, అక్కణ్ణుంచి ఆ ల్యాప్‌టాప్‌లోకి వెళ్తాయి. తెర మీద ఒక్కొక్కరం ఒక్కో ఆకుపచ్చ గీతై లేస్తుంటాం. ఎవరిని పెంచాలో, ఎవరిని తగ్గించాలో, ఎవరి గొంతుకి ఏ ఎఫెక్టు తగిలించాలో మేం పాడుతుండగానే అతను మౌసుతో తేలుస్తాడు. అలా కలిపిందంతా హాలు స్పీకర్లకి వెళ్తుంది, మా చెవుల్లోని ఇయర్‌ఫోన్లకీ వస్తుంది. ఇంట్లో మా మరిది మాట పిల్లి కూడా వినదు. స్టేజీ మీద మాత్రం అతను ఏం వినిపిస్తే మేం అదే వినాలి.

కొన్ని నెలలుగా నేను తాళం తప్పుతున్నాను. పల్లవి బాగానే ఎత్తుకుంటాను. చరణంలోకి వచ్చేసరికి బురదలో నడుస్తున్నట్టు పాట వెనక్కి ఈడుస్తుంది. ఇంట్లో గిన్నెలు కడుగుతూ పాడితే ఏ ఇబ్బందీ లేదు, స్టేజీ ఎక్కితేనే ఈ తెగులు. మా ఆయన మొదట్లో కళ్ళెర్రజేసేవాడు, తర్వాత నలుగురిలో అనడం మొదలుపెట్టాడు. వయసైపోతోందేమోనని నేనే రహస్యంగా ఏడ్చిన రోజులున్నాయి.

"ఆవిణ్ణి అంటావెందుకు? చెప్పింది నేను," అని డ్రమ్ముల వెనక నుంచి అరిచాడు మా ఆయన. "ఇప్పుడు సౌండ్ చెక్‌లో పాడు. ఈడ్చావో, మొదటి పాట ఇవాళ తనే పాడుతుంది. ఇవాళే కాదు, ఇక మీదట కూడా."

అదొక ఫ్యాక్టరీ వాళ్ళ వార్షికోత్సవం. కుర్చీలకి తెల్లగుడ్డలు తొడుగుతున్న పనివాళ్ళు కూడా చేతులు ఆపి మావైపు చూశారు. ఇంటి గుట్టు వాళ్ళందరికీ వినిపించాలా? స్టాండు నా ఎత్తుకి లేపుకున్నాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

మొదటి పాట ఎప్పుడూ నాదే. మా ఆయన నన్ను తొలిసారి చూసింది ఆ పాట పాడుతుండగానే. మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాను. చరణం సగంలో మళ్ళీ అదే బురద. నా మాట నాకే బరువై, గొంతు ఆగి ఆగి కదిలింది. మా ఆయన వాయించడం ఆపి, కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చూశావా?" అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. అదే నన్ను కాల్చింది.

ఇయర్‌ఫోన్లు పీకి నేలకేసి కొట్టాను. "మళ్ళీ వాయించు," అన్నాను. నలుగురిలో ఆయన్ని 'మీరు' అనేదాన్ని. ఆ పూట మర్యాద నోటికి రాలేదు.

వాయించాడు. డ్రమ్ములు నేరుగా వింటూ పాడాను. పాట పెరుగన్నంలా జారిపోయింది. ఎక్కడా ఈడ్చలేదు. కానీ హాల్లో నా గొంతు నా వెనకే నడుస్తోంది. నేను నోరు మూసేశాక కూడా మాట కొస స్పీకర్లో ఇంకా పలుకుతూనే ఉంది. పైగా అంత నున్నటి గొంతు నాది కాదని నాకు తెలుసు.

అనుమానం వచ్చింది. అందరినీ ఆగమన్నాను. మైకు దగ్గరికి తెచ్చుకుని పల్లవిలో మొదటి స్వరం కావాలనే కిందికి దించి, పచ్చి అపస్వరంగా పాడాను. స్పీకర్లోంచి చక్కటి స్వరం వచ్చింది. మళ్ళీ తప్పు పాడాను. అది మళ్ళీ ఒప్పు పాడింది.

నా నోట్లోంచి ఇంకెవరో పాడుతున్నారు.

"ఇలా రా," అని మా మరిదిని పిలిచాను. అతను ల్యాప్‌టాప్ దగ్గరే బిగుసుకుపోయాడు. "రమ్మన్నానా! దాంట్లో ఏదీ ముట్టుకోకు. ఎలా ఉన్నది అలాగే వదిలేసి రా."

వచ్చాడు. నేల మీది ఇయర్‌ఫోన్లు నేనే తీసి అతని చెవుల్లో కుక్కి, నా మైకు ముందు నిలబెట్టాను. "మాట్లాడు. పొద్దున్నించీ ఏం చేశావో చెప్పు."

"పొద్దున్న లే... లేచి, వైర్లు... వై... వైర్లు చుట్టి..." అని సాగదీశాడు. నోట్లో మాట నోట్లోనే తట్టుకుని, తప్పతాగినవాడిలా తడబడ్డాడు. వాళ్ళావిడ కిసుక్కున నవ్వి, నోరు మూసుకుంది. నేను నవ్వలేదు.

"నీ మాట నీకే ఆలస్యంగా వినపడితే ఎలా ఉంది నాయనా? నువ్వు రెండు ముక్కలు మాట్లాడలేకపోయావు. నేను నెలల తరబడి పాటలు పాడాను."

అతను ఇయర్‌ఫోన్లు పీకేశాడు. "శ్రుతి సరిచేసే ఎఫెక్టు వదినా. లెక్కలు వేసుకోవడానికి దానికి కాస్త టైము పడుతుంది. చెవుల్లోకి కూడా అదే వెళ్తుందని నేను ఆలోచించలేదు. మీరు వెనకబడుతూ శ్రుతి కూడా తప్పుతున్నారని ఇంకా గట్టి ఎఫెక్టు పెట్టాను."

"నువ్వు గట్టిది పెట్టావు కాబట్టే నేను ఇంకా వెనకబడ్డాను! అసలు నా గొంతు మీద చెయ్యి వెయ్యమని నీకు ఎవరు చెప్పారు?"

అతను డ్రమ్ముల వైపు చూశాడు. చెప్పాల్సిన పనిలేకుండా పోయింది.

"వానల్లో నీకు జలుబు చేసింది చూడు, అప్పుడు," అన్నాడు మా ఆయన. "పై స్వరాలు అందడం లేదు. నీకు చెప్తే బాధపడతావని..."

"అందుకని చాటుగా నా గొంతు మార్పించి, నలుగురి ముందు నన్ను తిట్టావా? ఆ ఒక్క మాట నా మొహం మీద చెప్పడానికి నోరు రాలేదా? ఇన్నాళ్ళూ నేను ముసలిదాన్నైపోయానని ఏడుస్తుంటే పక్కనే పడుకున్నావు కదయ్యా!"

ఆయన కర్రలు అటూ ఇటూ తిప్పుకున్నాడు. క్షమాపణ ఆ ఇంటి మగాళ్ళకి అలవాటు లేదు. తోడికోడలు మాత్రం మెల్లగా కోరస్ మైకు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఆ ఎఫెక్టు తీసెయ్," అని మా మరిదికి చెప్పాను. అతను తల ఊపాడు.

జనం వచ్చారు. దీపాలు వెలిగాయి. ఇయర్‌ఫోన్లు ఇక పెట్టుకోనని అందరి ముందూ అన్నాను గానీ, ఆ హోరులో డ్రమ్ములు సరిగా వినపడక ఒకటి చెవిలో పెట్టుకుని జుట్టు కప్పుకున్నాను. మా ఆయన ముందు ఒక చిన్న మైకు ఉంటుంది. అది హాలుకి వినపడదు, మా చెవుల్లోకి మాత్రమే వస్తుంది. లెక్క చెప్పడానికీ, సైగలకీ వాడుకుంటాడు. నేను వినడం లేదనుకున్నాడు కాబోలు, పాట మొదలయ్యే ముందు ఆ మైకులో తమ్ముడితో మెల్లగా అన్నాడు.

"ఆలస్యం లేని ఎఫెక్టేదైనా ఉంటే చూడరా. పూర్తిగా తియ్యకు. కొంచెం ఉంచు. దానికి తెలీదులే."

ఇంత జరిగాక కూడా! హాలు చివర ల్యాప్‌టాప్ వెలుగులో మా మరిది మొహం కనిపిస్తోంది. చెయ్యి మౌసు మీద ఉంది. వాళ్ళన్న మాట విన్నాడో, నా మాట విన్నాడో అంత దూరం నుంచి తెలియడం లేదు. తెలుసుకోవడానికి నా దగ్గర ఉన్న దారి ఒక్కటే.

మా ఆయన కర్రలు కొట్టి లెక్క ఇచ్చాడు. ఫ్యాక్టరీ వాళ్ళందరూ కుటుంబాలతో చూస్తుండగా, పల్లవిలో మొదటి స్వరం కావాలనే తప్పు పాడాను.

తప్పుగానే వచ్చింది. ఇంతింత పెద్ద స్పీకర్లలోంచి, గోడలు అదిరేలా, పచ్చిగా, గరుకుగా వచ్చింది. ముందు వరసలో ఒకావిడ మొహం చిట్లించింది. వెనక ఒక దెబ్బ తప్పింది. మా ఆయన చేతిలో కర్ర జారినట్టుంది.

నేను ఆయన వైపు తిరిగి, చెవి మీది జుట్టు వెనక్కి తోసి ఇయర్‌ఫోన్ చూపించాను. ఆయన తల దించుకున్నాడు. అప్పుడు హాలు వైపు తిరిగి పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. పై స్వరం దగ్గర గొంతు కొంచెం గీరుకుంది. గీరుకోనిచ్చాను.