చుట్టలో మిగిలిన ఖండము

హేమంతము సెలవు గైకొని శిశిరము ముంగిట నిలిచిన ఆ దినములందు అపరాహ్ణ సూర్యుడు పండుగడ్డి వన్నె గల తన వెలుగును జిల్లా చిత్రకళా ప్రదర్శనశాల యొక్క యెత్తైన గవాక్షముల గుండ లోనికి జారవిడిచి యెవ్వరును కూర్చుండని బల్లలను ఎవ్వరును వెనుదిరిగి చూడని శిలాప్రతిమలను గోడల వెంబడి వరుసగా వ్రేలాడు నూటపండ్రెండు చిత్రములను ఒక్క తీరుగ తడవుచుండెను. వరండా మెట్లమీద రాలిన వేపాకు గాలికి ముందునకును వెనుకకును జరుగుచుండెను. ఉదయము వచ్చిన పెద్దలును వారిని తెచ్చిన కారులును వెడలిపోయి చాలసేపయినది. వారు త్రాగి విడిచిన చాయ కప్పులు మాత్రము కిటికీ గట్లపై మిగిలి యుండెను.

ఆ విశాల మందిరమున నొక్కడుగా మిగిలినవాడు ఉప్పలయ్య. మండల కార్యాలయమున గుమాస్తా. పటము విప్పి ఊరూర కథ చెప్పి బ్రదికిన వంశమున డిగ్రీ పట్టా చేతబట్టిన మొదటివాడు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా తొడిగి చేత నొక ప్రశంసాపత్రమును పట్టుకొని, రెండు సంవత్సరముల సాయంకాలములన్నియు ధారపోసి తాను వ్రాసిన పటము నెదుట 'తాకరాదు' అను పలకకు ఇవతల పరాయివానివలె నిలిచి యుండెను.

ముతకగుడ్డకు చింతగింజల అంబలియు సుద్దమట్టియు పట్టించి యెండబెట్టి ఎఱ్ఱని పూతపై రంగులు దిద్దిన ఆ నిలువుపటమున నాలుగు ఖండములు గలవు. వఱదలో కొట్టుకొనిపోయిన తమ్ముని వెదకిన గంగు అను అక్క కథ యది. మొదటి ఖండమున అక్కాతమ్ములు మేకలను తోలుకొనిపోదురు. రెండవదాన ఏఱు పొంగును. మూడవదాన గంగు తమ్ముని తలగుడ్డను ఒడిలో పెట్టుకొని యిసుకపై కూలబడి యేడ్చును. నాల్గవదాన తమ్ముడు దొరకును. గోడ యెత్తు మూడు ఖండములకే చాలినందున నాల్గవది అడుగుకఱ్ఱకు చుట్టబడి పురికొసతో కట్టబడి యుండెను.

కథ మూడవ ఖండముతోనే ముగిసినదని యెల్లరును తలచిన తప్పునకు మొదటి కారకుడు ఉప్పలయ్యయే. దరఖాస్తుతో మూడు ఛాయాచిత్రములు మాత్రమే జతపఱుపవలెనని నియమము. నియమమునకు కట్టుబడుట తప్ప వేఱెఱుగని గుమాస్తా గనుకను, కథను నడుమ దాటవేయరాదని యెఱిగిన పటంకథలవారి బిడ్డ గనుకను మొదటి మూడు ఖండములనే వరుస తప్పక పంపెను. నాల్గవదొకటి కలదని వ్రాయుటకు ఆ ఫారమున గడి లేదు.

పరీక్షకులు మువ్వురును ఆ మూడింటినే చూచి మెచ్చిరి. ఉదయపు సభలో ప్రదర్శనాధికారి సుదర్శనముగారు ప్రశంసాపత్రమును చదివి 'కథను శోకమునందే ముగించిన అపూర్వ సాహసమునకు' ప్రథమ బహుమతి యనిరి. పటమును శాశ్వత మందిరమున నుంచెదమనియు దాని క్రింద ఉప్పలయ్య పేరును అతని తండ్రి కీర్తిశేషుడు సారయ్య పేరును ఇత్తడి రేకుపై చెక్కించెదమనియు ప్రకటించిరి. చప్పట్లు మ్రోగెను. కథ యింకను కలదను మాట ఉప్పలయ్య నాలుక చివర దాక వచ్చి ఆ చప్పట్లలో అణగిపోయెను. అతడు చేతులు జోడించి నమస్కరించి కూర్చుండెను.

సభ ముగిసిన పిమ్మట గుండె దిటవు చేసికొని అధికారి గదికి పోయి విషయము విన్నవించెను. సుదర్శనముగారు కండ్లద్దములు తీసి తుడుచుకొనిరి.

"ఇప్పుడా చెప్పేది ఉప్పలయ్యగారూ? వాళ్లు బహుమతి ఇచ్చిందే ఆ ఏడుపుకు. తమ్ముడు దొరికిండంటే ఇగ సాహసమేముంది? నిర్ణయం మళ్లీ మొదటికొస్తది. ఇత్తడి రేకు కూడ ఉండదు. మీ నాయన పేరు గోడ మీద ఉండొద్దా?"

"ఉండాలె సార్."

"మరి చుట్టను చుట్టలాగే ఉండనియ్యండి. ఎవరడుగుతరు?"

అడుగువారెవ్వరును లేరన్నది నిజము. తండ్రి గతించి మూడేండ్లయినది. తల్లి అంతకు పూర్వమే పోయెను. అద్దెగదిలో స్టవ్వు మీద ఒక్కనికే అన్నము వండుకొను ఉప్పలయ్యకు ఈ బహుమతి వార్త చెప్పుకొనుటకైన నొక గడప లేదు.

అయినను అతని కాళ్లు ఆ పటమును విడిచి కదలవయ్యె. పటంకథల యిండ్లలో నొక కట్టడి గలదు. శోకము మీద పటమును నిలుపరాదు. అన్నము వేళయైనను మీద వాన పడినను పటము చూపువాడు శుభము దాక పోయియే కఱ్ఱ దింపవలెను. ఏడ్పు మీద ఆపిన పటము ఆ యేడ్పును ఎన్నటికి మానదని వారి నమ్మిక. ఉప్పలయ్య డిగ్రీ మొదటి సంవత్సరమున నున్నపుడు సెలవులలో తండ్రికి తోడుగ పటము కఱ్ఱను పట్టవలసి వచ్చెను. ఒక యూరి కళ్లమున సరిగా మూడవ ఖండము వద్ద వాన విఱుచుకొని పడెను. జనులు గోనెసంచులు తలపై వేసికొని పరుగెత్తిరి. సారయ్య మాత్రము తాటాకుల పందిరి క్రిందికి పటమును జరిపి, చెవిలోనికి నీరు కారుచుండ, ఒక మేకకును సిగ్గుతో తల వంచుకొనిన కుమారునికిని కడ దాక కథ చెప్పెను. సహపాఠి యెవడైన చూచునేమోయని ఆనాడు ఉప్పలయ్య కఱ్ఱ వెనుక మొగము దాచుకొనెను. తండ్రి పోయిన మూడవ దినమున వంశాచారము చొప్పున ఆ జీర్ణపటమును అతని అస్థికలతోపాటు ఏటిలో విడిచెను. ఈ క్రొత్త పటమును జ్ఞాపకమునుండి వ్రాసెనే కాని దాని యెదుట నోరు విప్పి కథ చెప్పియెఱుగడు.

ఇట్లు అతడు నిలిచి యుండగా చీపురు చప్పుడు వినవచ్చెను. మందిరము నూడ్చు కనకవ్వ యది. అఱువదేండ్ల వృద్ధురాలు కొంగు నడుమున దోపుకొని గోడవైపు వీపు పెట్టి వెనుకకు వెనుకకు ఊడ్చుకొనుచు వచ్చి అతని పాదముల కడ ఆగెను.

"జరుగు సారూ. ఈ బొమ్మ నీదేనటగద?"

"నాదే అవ్వా."

"పదిరోజుల సంది ఊడుస్తున్న. ఆ పిల్ల ఏడుపు సూడలేక గిట్ల అటు మొకం జేసి ఊడుస్తున్న. నా నడుము పోయింది నీ బొమ్మతోని." ఆమె చీపురును చంకలో నిఱికించుకొనెను. "ఇంతకు తమ్ముడు దొరికిండా లేదా?"

సభాసదులలో నొక్కరును అడుగని ప్రశ్న యది. ఉప్పలయ్య చేతిలోని ప్రశంసాపత్రమును బల్లపై నుంచెను.

"దొరికినాడు. వరద తగ్గిన పిదప ఏడవ గ్రామమున..."

"అయ్యో, దరఖాస్తు సదువుతున్నవా? పొద్దుగాల సభల పేరు సదివిండ్రు గద, ఆ మీ నాయన గిట్లనే చెప్పెటోడా?"

ఉప్పలయ్య తలుపు వైపు చూచెను. ఎవ్వరును లేరు. కన్నులు మూసికొనెను. మొదటి మాట బొంగురుపోయెను. రెండవ మాట వణకెను. మూడవ మాటకు అతనికి తెలియకయే కుడిచేయి గాలిలోనికి లేచి సారయ్య చేయి లేచినట్లు లేచెను. "ఇన్నరా అవ్వలార, ఏడూర్లు దిరిగె మన గంగు, ఏడోవూరి కళ్లం కాడ ఎవలో పోరడు పరిగె ఏరుకుంటుండు, ఎనకకెంచి సూస్తె ఆ నడక ఎవలిది, ఆ తలకాయె ఎవలిది..." ఆ కంఠము తనదో తండ్రిదో అతనికే తెలియదయ్యె. చిత్రములు నూటపండ్రెండును వినుచున్నట్లు మందిరము నిశ్శబ్దమయ్యెను. అక్క ముంతలోని జొన్న గట్కను తమ్ముని దోసిట పోయుట దాక చెప్పి అతడు ఆగెను.

కనకవ్వ కొంగుతో ముక్కు తుడుచుకొనెను. "ఏదీ, సూపియ్యి మరి."

"ముట్టుకోవద్దని రాసిండ్రు అవ్వా."

"అది నీకు. నాకు గాదు. దుమ్ము దులపకుంటె సుదర్శనం సారు నన్నే తిడ్తడు." ఆమె ఉతికిన తెల్లగుడ్డ నొకదానిని గోడ మొదట నేలపై పఱచి పురికొస ముడి విప్పి అడుగుకఱ్ఱను మెల్లమెల్లగా దొర్లించెను. నాల్గవ ఖండము పసిబిడ్డ ప్రక్కకు ఒత్తిగిలినట్లు వెలుగులోనికి వచ్చెను.

అప్పుడు ఉప్పలయ్య బల్ల యొద్ద కూర్చుండి, వంశమున తన కొక్కనికే అబ్బిన చదువును ఆసరా చేసికొని, ప్రశంసాపత్రము వెనుక చక్కని దస్తూరిలో నిట్లు వ్రాసెను. 'మహారాజశ్రీ ప్రదర్శనాధికారి గారి సముఖమునకు. నా పటము శోకమున ముగియలేదు. సాహసము నాది కాదు. కావున బహుమతిని తమకే తిరిగి యొప్పగించుచు, ప్రదర్శన ముగియు దాక నాల్గవ ఖండమును చుట్టవలదని ప్రార్థించుచున్నాను.' సంతకము చేసి తేదీ వేసి దానిని అధికారి గది తలుపు క్రిందుగ లోనికి త్రోసెను. ఇత్తడి రేకు తలపునకు వచ్చి తలుపు కడ క్షణకాలము చేయి వెనుకాడెను. కాని కాగితము అప్పటికే లోనికి జారిపోయెను.

"బస్సు పోతది సారూ," అని కనకవ్వ తాళపుచెవుల గుత్తి తీసెను. పిమ్మట పటమును మఱొకసారి చూచి, "రేపటి సంది ఇటే మొకం జేసి ఊడుస్త," అనెను.

ఉప్పలయ్య ఉత్త చేతులతో వేపాకులు త్రొక్కుచు బస్సు నిలుచు చోటికి ఒంటరిగ నడచిపోయెను. గోడపై నిలిచిన పేరు నలువురు చదువుదురు. గొంతున నిలిచిన పేరును పిలుచువాడు ఒక్కడైనను చాలును. తాళము పడిన ఆ మందిరమున సూర్యకాంతి శిలాప్రతిమలను విడిచి, బల్లలను విడిచి, గోడలను విడిచి, కట్టకడపట నేలపై పఱచిన తెల్లగుడ్డ మీద గట్క నిండిన దోసిలి యొద్ద మఱికొంతసేపు నిలిచి యుండెను.