మగ్గం గదిలో పుల్లావు

తొలకరికి ముందు, ఊరు ఊరంతా కునికిపాట్లు పడే మధ్యాహ్నం. ఎండ కూడా గోడకు ఆనుకుని నిద్రపోతున్నట్టుంది. ఆ మత్తులోకి చాటింపు వేసే ఏసోబు డప్పు మెల్లగా వచ్చి చేరింది.

“వానలు పడకముందే గొడ్లకు గొంతువాపు సూదులహో! సర్కారు పశువుల దవాఖాన సలోత్రి సాబ్ చావడి కాడ కూసున్నడు! చినుకు పడ్డంక గొర్రెలను కొత్త గడ్డికి తోలకుండ్రి, చిటుకు రోగమొస్తది!”

సూది వేయడానికి ఊళ్ళో గొడ్లుంటే కదా! అవి యుద్ధం రోజులు. సూది వేసిన గొడ్డుకు గుర్తుగా తోక వెంట్రుకలు కత్తిరిస్తారు. ఆ గుర్తున్న వాటిని ఆలేరులో రైలెక్కించి యుద్ధానికి పంపుతారని ఎవరో పుట్టించారు. అంతే, మగవాళ్ళంతా తెల్లారకముందే గొడ్లను గుట్టల్లోకి తోలుకుపోయారు. ఆవులు యుద్ధంలో ఏం చేస్తాయని ఒక్కరైనా అడగలేదు. మా ఊరి తెలివి అలాంటిది.

సాలెల ఇంటి మల్లమ్మకు ఆ అవకాశమూ లేదు. కొడుకు షోలాపూర్ మిల్లులో ఉన్నాడు. కోడలు ఆండాళుకు పాలు పడలేదు. పసివాడు ఇంట్లో ఉన్న ఒక్క పుల్లావు పాల మీదే బతుకుతున్నాడు. అందుకే మల్లమ్మ ఆవును మగ్గం గదిలోకి తోలి తలుపు మూసింది.

గది చల్లగా, చీకటిగా ఉంది. మగ్గం మీద నీలం పడుగు. ఆవు ఊపిరి వదిలినప్పుడల్లా పోగులన్నీ సన్నగా కదిలేవి. బిడ్డను ఒళ్ళో వేసుకున్న ఆండాళుకు కళ్ళు మూతలు పడుతుంటే, ఆవు నీలం ఏట్లో నిలబడ్డట్టూ, ఇల్లు ఆ ఏటి వెంట మెల్లగా సాగిపోతున్నట్టూ అనిపించింది. అక్కడ రోగం లేదు, రైలు లేదు. ఎంత హాయిగా ఉందో!

ఇంతలో ఆవు అరిచింది. బయట డప్పు ఆగింది.

“మల్లమ్మవ్వా, ఆవును తోలుకరా.”

“ఆవు లేదు.”

“మరి అరిచింది నువ్వా?”

మల్లమ్మకు ఒళ్ళు మండింది. తలుపు ఓరగా తెరిచి, “సూదేస్తే రైలెక్కిస్తరు. నా మనుమడు ఏం తాగి బతకాలె? పో!” అంది.

ఏసోబు కదల్లేదు. “అవ్వా, ఊళ్ళె సచ్చిన గొడ్డు తోలు ఎవరికి?”

“నీకే.”

“గీ ఆవు సస్తె నాకు కొత్త డప్పైతది. గసొంటి నేనే సూదేయించుమని బతిలాడుతున్న. పోయిన వానకాలం తోళ్ళు ఒలిసి ఒలిసి యాష్టకొచ్చిందవ్వా.”

మల్లమ్మ తలుపు బార్లా తెరిచింది. ఆవు మాత్రం రాలేదు. ఎండను చూసి బిగుసుకుంది. లాగితే కాలు మగ్గం గుంటలో పడుతుంది. చివరికి ఏసోబు వెళ్ళి పిలిస్తే, పశువుల వైద్యుడైన సలోత్రే సూది పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. “కొమ్ములు పట్టే మనిషి కావాలె. జల్దీ, అమ్మా!”

ఊళ్ళో మిగిలిన మగవాడు ఏసోబు ఒక్కడే. వాళ్ళ వాడవాళ్ళు ఆ గడప ఏనాడూ దాటలేదు. మల్లమ్మ గడపను చూసింది, మనవడిని చూసింది. ఆమెకు భయమేసింది, సిగ్గేసింది.

“ఏం సూస్తున్నవ్‌రా? లోపలికి రా!” అని కసిరింది.

ఏసోబు డప్పు బయట పెట్టి, పోగులు తగలకుండా వంగి లోపలికి వచ్చాడు. ఆవు మెడ నిమురుతూ ఏదో గొణిగాడు. అది తల అతని భుజం మీద వాల్చింది. సూది దిగింది. పోగులు ఒక్కసారి కదిలి ఆగిపోయాయి.

“రైలూ లేదు, గీలూ లేదమ్మా. ఏ గొడ్డుకు సూదేసిన్నో నాకు యాదుండాలె గదా!” అంటూ సలోత్రి తోక వెంట్రుకలు కత్తిరించి వెళ్ళిపోయాడు.

ఆండాళు చెంబుతో నీళ్ళు తెచ్చింది, ఏసోబు నిలబడ్డచోట చల్లడానికి. ఎవరూ చెప్పనక్కరలేని అలవాటది. ఏసోబుకూ తెలుసు. తల దించుకుని గడప దాటి డప్పు అందుకోబోయాడు.

“గా చెంబు ఇటియ్యి,” అని మల్లమ్మ దాన్ని లాక్కుంది. ఏసోబు వైపు చాపింది. “పొద్దటి సంది మొత్తుకుంటున్నవ్, తాగు.”

అతను ఎప్పటిలాగే వంగి దోసిలి పట్టాడు. మల్లమ్మ చెంబు వంచలేదు.

“నాకు చేతులు నొస్తున్నయ్. నువ్వే పట్టుకొని తాగు.”

ఏసోబు చెంబు అందుకున్నాడు. ఎత్తి గటగటా తాగుతుంటే, సగం నీళ్ళు గడప మీదే ఒలికాయి.