మేస్త్రి కట్టిన చివరి కోర్

యాభై తొమ్మిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే మన్నించండి. ఈ నాలుగు ముక్కలకే నెల పట్టింది. నా కథే గానీ, "ఆమె" అని రాస్తేనే చెయ్యి ముందుకు సాగింది.

మోటార్లు తయారుచేసే వర్క్‌షాపులో ఆమె ఊడ్చేది, తుడిచేది. అందరూ పిన్నీ అనేవారు. భర్త అక్కడే మేస్త్రి. పలుచని ఇనుప రేకుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, మోటారు లోపల తీగలు చుట్టే దిమ్మ, అదే కోర్, కట్టడం అతని పని.

అతను చివరిగా చేసిన మోటారు విమానం కోసం. గాలి కూడా నీళ్లలా కారిపోయేంత చలిలో నడవాలి. ఆ చలిలో దాని తీగలు కరెంటును రవ్వంత కూడా వృథా చేయవట. దానికి ఇనుప కోర్ పెట్టాలా, ఇనుమే లేకుండా గాజునార, అదే ఫైబర్‌గ్లాస్, గొట్టం పెట్టాలా అని అతనికీ ఇంజనీరమ్మకీ రెండేళ్లుగా తగువు.

"ఎగరాల్సింది విమానం మేస్త్రీ, ఏనుగు కాదు," అనేది ఇంజనీరమ్మ.

"బరువే తల్లీ, కాదన్లేదు. కానీ అయస్కాంతానికి ఇనుము పుట్టిల్లు. మీ గాజునార అద్దె కొంప."

చివరికి రెండూ పరీక్షిద్దామన్నారు. అప్పటికే అతని ఊపిరితిత్తులు చెడిపోయాయి. దగ్గుతూనే రేకులు పేర్చాడు. పరీక్షకు పదిహేను రోజుల ముందు కన్నుమూశాడు.

ఆమె మళ్లీ పనిలోకి వచ్చిన రోజు కోర్ బల్లమీదే ఉంది. తుడుస్తుంటే లోపలి అంచు గరుకుగా తగిలింది. ఓపిక లేక వదిలేశాడు కాబోలు అనుకుంది. అందరూ భోజనాలకు వెళ్లాక, అతని ఆకురాయి తీసుకుని అంచంతా నున్నగా మెరిసేదాకా రాసింది. కళ్లు తుడుచుకుంటూ రాసింది.

పరీక్షలో ఇనుప కోర్ వేడెక్కింది. చుట్టూ పోసిన చల్లని ద్రవం సలసలా మరిగి ఆవిరైపోయింది.

"ఆఖర్లో చెయ్యి తప్పింది పాపం," అన్నాడు స్టోరు గుమస్తా.

ఇంజనీరమ్మ కోర్‌ను బయటికి తీయించి చూసింది. "రేకుల మధ్య వార్నిష్ పూత ఉండేదే ఒకదానికొకటి అంటకూడదని. అంచు అరగదీస్తే ఇనుము పాకి రేకులన్నీ కలిసిపోతాయి, కరెంటు అడ్డదారుల్లో తిరిగి వేడెక్కిస్తుంది. ఇంత చిన్న సంగతి మేస్త్రి ఎలా మర్చిపోయాడో!"

చీపురు గోడకు ఆనించి ఆమె దగ్గరికి వచ్చింది.

"ఆయన కాదమ్మా. ఆకురాయితో నేనే రాశాను."

"నువ్వా? ఎందుకు పిన్నీ?"

"గరుగ్గా ఉంది. ఆయన చివరి పని కదా, చూడ్డానికి బావుండాలని."

ఇంజనీరమ్మ ఆ అంచును వేలితో తడిమింది. "సరిగ్గా ఉన్నా ఇనుము నెగ్గేది కాదులే పిన్నీ. ఆ తీగల బలానికి ఇనుము ఒక హద్దు వరకే సాయం చేస్తుంది. ఆపైన బరువు తప్ప లాభం లేదు."

"నిజంగానా, నా ఏడుపు చూడలేకా?"

ఇంజనీరమ్మ తల దించుకుంది.

"అయితే పరీక్ష కాగితంలో రాయండమ్మా. పేర్చినాయన తప్పు లేదని. చెడగొట్టింది ఊడ్చే మనిషని."

ఇంజనీరమ్మ రాసింది. పైకి చదివింది. ఆమె ఇంకోసారి చదవమంది.

గాజునార గొట్టం మోటారులోకి ఎక్కింది. ఇనుప కోర్‌ను తుక్కు గదికి పంపారు. తోపుడుబండి మీద దాన్ని తోసుకెళ్లింది ఆమే. గుమస్తా సాయం వస్తానన్నా వద్దంది.

— పిన్ని, అరవై ఏడేళ్లు. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో, మేడమీది గదిలో ఉంటున్నాను.