కర్సియాంగ్‌లో ఆగని కారు

గూడ్సు గార్డుగా ఇరవై ఆరేళ్లు పనిచేసినవాణ్ణి. మా రైల్వే ఊళ్లో ఖరిదా బజారుకు కూరగాయలకెళ్లినా, ఎన్నింటికి బయల్దేరానో ఎన్నింటికి చేరానో చెప్పుకుంటేగాని నాకు తోచదు. "ఇంట్లో కూడా మీకు జెండా ఒక్కటే తక్కువ" అని మా ఆవిడ సూసన్న నవ్వేది.

తొంభై రెండులో ఒక డాక్టరుగారి పాత మారుతి కొన్నాను. మేముండే ఝపటాపూర్‌లో మా వీధికి అదే మొదటి కారు. పాసు మీద రైల్లో ఊరికే పోయే యోగం ఉండి, పెట్రోలు తగలేసుకుని డార్జిలింగ్ పోతానంటే తోటి గార్డులు నవ్వారు. నవ్వితే నవ్వారు, నాకేం!

నిజానికి ఆ ప్రయాణం సూసన్న కోరిక. దసరా పూజా సెలవుల్లో కొండలు చూద్దామంది. ఆమెకు కావలసింది కొండలు కాదు, కర్సియాంగ్‌లో ఉన్న చెల్లెలు ఎమిలీ. నర్సు పనికని వెళ్లి అక్కడే ఒక నేపాలీ డ్రైవరును చేసుకుంది, అదీ రిజిస్ట్రాఫీసులో. మా అత్తమామలు అప్పటికే పోయారు. పెద్దల్లుణ్ణి కనుక పెద్దరికం నాది. "ఈ గడప తొక్కొద్దు" అని ఉత్తరం రాసింది నేనే. పదకొండేళ్లు అక్కాచెల్లెళ్లు మొహాలు చూసుకోలేదు. ఈసారి సూసన్న నన్ను ఎలాగో ఒప్పించి, ఫలానా రోజు పదింటికి స్టేషను ఎదుట రోడ్డు మీద ఉండమని చెల్లెలికి రాసేసింది.

గార్డు బుద్ధి ఎక్కడికి పోతుంది? నోటుబుక్కులో ఊళ్ల పేర్లు, టైములు గీసుకున్నాను. సిలిగురి దాటగానే టైరు పంక్చరయింది. యాభై నిమిషాలు లేటు. ఆ లేటు పూడ్చాలని పట్టుదలగా కారును కొండ ఎక్కిస్తున్నాను. కర్సియాంగ్ వచ్చింది. నీలం స్వెట్టరు వేసుకుని, చేతిలో టిఫిన్ క్యారియరుతో, ఇద్దరు పిల్లల్ని పక్కన పెట్టుకుని ఎమిలీ రోడ్డు వారన నిలబడి ఉంది.

"నాన్నా, ఎవరో సెయ్యి ఊపుతున్నారు. అమ్మనాగే ఉన్నారు!" అని వెనక సీటులోంచి మా అమ్మాయి దేవమణి అరిచింది.

"ఆపండి" అంది సూసన్న.

నేను వాచీ చూసుకున్నాను. "ఇప్పటికే లేటయిపోనాం. దిగినప్పుడు ఆగుదాం. వచ్చేది ఈ దారినే కదా, ఏటి తొందర?" అని హారను కొట్టి ముందుకు పోనిచ్చాను.

పైకెళ్లిన బండి కిందికి వచ్చేటప్పుడు అదే స్టేషను మీదుగా రాక తప్పదు. నా జన్మంతా చూసింది అదే. రోడ్డుకు ఆ కట్టుబాటు లేదని నా బుర్రకు తట్టలేదు. పైగా టైము సగం సాకే. ఆ నేపాలీ ఇంట్లో కూర్చుని టీ తాగడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు ఒప్పుకుంటే ఎవరికి లాభం?

డార్జిలింగ్‌లో రెండు రోజులూ వానే. సూసన్న కొండల వైపు తలెత్తి చూడలేదు. బజారులో చెల్లెలి పిల్లలకు ఉన్ని టోపీలు కొని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దిగే రోజున ఘూమ్ దగ్గర పోలీసులు ఆపారు. కింద కొండచరియ విరిగి కర్సియాంగ్ దారి మూసేశారట. మిరిక్ మీదుగా చుట్టూ తిరిగి సిలిగురి చేరాం.

"ఇలా కింద నుంచి కర్సియాంగ్ ఎక్కితే రెండు గంటలేనట. ఎల్దామండీ" అంది సూసన్న.

"ఎల్లుండి నా డ్యూటీ. వచ్చే ఏడు వద్దాం" అన్నాను. సెలవు దాటి ఒక్క రోజు ఉండలేదన్న గొప్ప నాది. సెలవు పొడిగించమని ఆఫీసుకు ఒక్క తంతి కొడితే సరిపోయేది. ఆమె టోపీలు తీసి సంచిలో పెట్టేసింది.

పదిహేను రోజులకు ఎమిలీ ఉత్తరం వచ్చింది. సూసన్న చదివి నా చేతికిచ్చింది.

"అక్కా, బావ వాచీ సూసుకోడం నాను సూసినాను. దిగినప్పుడు ఆగుతారని ఆ రోజంతా నిల్చున్నాం. మర్నాడూ, ఆ మర్నాడూ నిల్చున్నాం. పైన దారి మూసేసినారని తర్వాత తెలిసింది. కింది దారి తెరిచే ఉంది, సిలిగురి నుంచైనా వస్తారనుకున్నాను. పెద్దమ్మ ఎందుకు ఆగనేదని పిల్లలు అడిగినారు. అది పెద్దమ్మ కారు కాదు, వేరేవాళ్లదని సెప్పినాను. నమ్మినారు. ఇంక రావద్దక్కా."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. వారం రోజులు లీవు పెట్టి, కారు కడిగి, వాకిట్లో నిలబెట్టి, "పద, కర్సియాంగ్ పోదాం. ఎమిలీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను.

సూసన్న గుమ్మం దిగలేదు.

"ఈ కారు ఆ పిల్లలు సూసినారు. వేరేవాళ్లదని ఎమిలీయే తన నోటితో సెప్పింది. ఇప్పుడు ఇందులో దిగి, పెద్దమ్మని నానేనని ఎలా సెప్పను?"

కారు తాళాలు మేకుకు తగిలించాను. ఆమె ఆ మాట అడిగి ఏడేళ్లయింది.