పెళ్ళిరాయి

గోదారి కట్ట దాటి ఊళ్ళోకొచ్చిన ఏడు నా గుట్టు బయటపడింది.

నేను ఒక సమాధి రాయిని. గ్రీకు దేశపు చలువరాయిని. కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, ఎదురుగా నిలబడి ఆమె కుడిచేతిని తన కుడిచేత్తో పట్టుకున్న మొగుడు. నా మీద ఉన్న బొమ్మ అంతే. పోయింది ఆమె. చెక్కించింది ఆయన. చెక్కినవాడు ఆమెని ఎన్నడూ చూడలేదు, మొగుడు చెబుతుంటే విని చెక్కాడు. ముక్కు దగ్గరికొచ్చేసరికి ఆయన చెప్పలేకపోయాడు. అందుకని ఆ ముక్కు ఎవరిదో నాకూ తెలీదు. కొన్నాళ్ళు ఆయన రోజూ వచ్చాడు. తర్వాత పండగలకి వచ్చాడు. తర్వాత రాలేదు. మనుషులు అంతే, తప్పుపట్టను.

ఆపైన మట్టిలో ఎన్ని వందల ఏళ్ళున్నానో లెక్క లేదు. నాగలి మొన తగిలి లేచాను. ఒక దొర కొని, ఓడెక్కించి మద్రాసు తెచ్చుకున్నాడు. తోటలో నిలబెట్టి నాకు తన టోపీ తగిలించేవాడు. ఆయన పోయాక ఒక జమీందారు చేతికి, అక్కణ్ణించి ఈ యూనివర్సిటీ మ్యూజియానికి వచ్చాను. పక్కన ఇంగ్లీషులో ఒక చీటీ పెట్టారు. ఎవరూ చదవలేదు.

ఈ ఊళ్ళో చేతులు కలిపిన ఆడా మగా కనబడితే అది పాణిగ్రహణమే. ఎవరో పెళ్ళివారు ముందు ఆ మాట అన్నారు, అదే నిలిచిపోయింది. వ్రతం మర్నాడు కొత్త జంట వచ్చి, ఈ రాతి చేతుల మీద తమ చేతులు పెట్టి, పసుపు రాసి వెళ్ళేవారు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది.

మ్యూజియం కాపలా గవర్రాజు కూడా పెళ్ళయిన కొత్తలో వరాలమ్మని అలాగే తీసుకొచ్చాడు. ఆ తర్వాత ఏటా పెళ్ళిరోజున ఆమె అతనికి క్యారేజీ తెచ్చి, నా చేతులు తాకి వెళ్ళేది. పోట్లాడుకుని మాటల్లేని ఏడు కూడా ఒకటుంది. అతనితో పలక్కుండా నన్ను మాత్రం తాకి పోయింది.

వరద నీరు నా నడుం దాకా నిలిచింది. చీటీ కొట్టుకుపోయింది. నీరు తీశాక మ్యూజియం అధికారి శేషారత్నం గారు అన్నిటికీ తెలుగులో కొత్త చీటీలు రాయించారు. నాది ఇలా ఉంది: ‘సమాధి రాయి. చనిపోయిన భార్యకు భర్త వీడ్కోలు.’ గవర్రాజు కూడబలుక్కుని చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ పూట క్యారేజీ విప్పలేదు.

అప్పటికే వరాలమ్మ జ్వరంతో మంచం పట్టి ఉంది. గుండె చాలదు, ఇంటికి తీసుకుపొమ్మని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పేశాడు. ఆమె ఒక్కటే అడిగింది, పెళ్ళిరాయిని చూపించమని. గవర్రాజు ఇవాళ, రేపు అని దాటవేశాడు. దాటవేయడానికి ఆమె దగ్గర అట్టే రోజులు లేవు.

చివరికి రిక్షాలో తెచ్చాడు. ముందు తనొక్కడే లోపలికొచ్చి భుజం మీది తువ్వాలు చీటీ మీద వేశాడు. తర్వాత ఆమెని ఎత్తుకొచ్చి, తన స్టూలు మీద కూర్చోబెట్టి, పడిపోకుండా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

“ఆ తువ్వాలు తియ్యి,” అంది వరాలమ్మ.

“తడిసిందని ఆరేశానే.”

“పొడిగానే ఉంది గదయ్యా. నీకు అబద్ధం ఎప్పుడొచ్చింది గనక.”

తీశాడు. వరాలమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఒక్క చూపులో చదివేసింది.

“పోయిందెవరు? కూర్చున్నామేనా?”

గవర్రాజు తల ఊపాడు. ఆమె నా వంక చూసింది. తను కూర్చున్న స్టూలు చూసుకుంది. అతని చేతిలో ఉన్న తన చెయ్యి చూసుకుంది.

“అయితే నువ్వూ కూర్చో,” అంది.

అతను ఆమె మోకాళ్ళ దగ్గర నేలమీద చతికిలపడ్డాడు. నన్ను చెక్కినవాడికి గానీ, చెక్కించినవాడికి గానీ ఇది తోచలేదు. వెళ్ళేముందు ఆమె ఎప్పటిలాగే నా చేతులు తాకింది. వేళ్ళు అప్పటికే నాకన్నా చల్లగా ఉన్నాయి.

మర్నాడు ఉదయం గవర్రాజు వచ్చి తలుపులు తీశాడు. ఆమె ఎలా ఉందో నేనడగలేను. మెట్ల మీద ఒక కొత్త జంట, పెళ్ళికూతురి చేతిలో పసుపు గిన్నె. పెళ్ళిరాయి ఇక్కడేనా అని పెళ్ళికొడుకు అడిగాడు.

గవర్రాజు భుజం మీది తువ్వాలు తీసి చీటీ మీద ఆరేసి, పక్కకి తప్పుకున్నాడు.