నాలుక మడిచిన మాట

తిరుత్తణిలో అమృతవల్లి పొద్దు పొడవకముందే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టేది. పక్కన ఆమె మొగుడు సుదర్శనం కూర్చొని కండెలు చుట్టేవాడు. అతనికి చూపు లేదు. పోగు తెగితే వేళ్ళకే తెలిసిపోయేది గాని, రంగు మాత్రం రోజూ పెళ్ళాన్ని అడిగేవాడు. ఆమె వంకాయ రంగనో, చింతపిక్క రంగనో చెప్పేది.

మగ్గం చూసి చూసి తమ్ముడి కళ్ళు పోయినాయని ఊరంతా చెప్పుకొచ్చినవాడు సుదర్శనం అన్న దండపాణి. అది అబద్ధం. కల్లు దుకాణాలు మూతబడిన కాలంలో దండపాణి దొంగసారా కాచేవాడు. ఒక ఆడికృత్తిక పండగ నాడు దించిన సరుకు మీద వాడికే అనుమానమొచ్చింది. "రుచి చూసి చెప్పు తమ్ముడా" అని సుదర్శనానికి గ్లాసు అందించి, గోడ అవతలికి పోయి పనివాడితో మెల్లగా అన్నాడు:

"వాడు తెల్లారి లేస్తే మిగతాది అమ్ముదాం."

గోడకు ఇవతల అమృతవల్లి ఉంది. ఆ మాట ఆమె చెవిన పడేసరికే గ్లాసు ఖాళీ. సుదర్శనం తెల్లారి లేచినాడు. లేచి, ఇంకా తెల్లారలేదా అని అడిగినాడు. ఆ పొద్దు నుంచీ ఆమె కడుపులో ఒక కుంపటి ఆరకుండా ఉంది.

దుకాణాలు మళ్ళీ తెరిచినాక దండపాణి పెద్దమనిషైపోయినాడు. పళ్ళిపట్టు దాటినాక కొండల్లో ఈతవనాలు గుత్తకు పట్టినాడు. ఆ కొండల్లో కల్లు కోసం చెట్టుకు ఎవరూ కత్తి పెట్టరు. పైన కుండ కట్టి, చెట్టు మొదలు దగ్గర నిలబడి నోరు తెరిచి అడుగుతారు. మనది ఏదైనా సరే, ఎవరికియ్యమంటే వాళ్ళకిచ్చేస్తాది చెట్టు. ఊరోళ్ళది అడిగితే ఆకు కూడా కదలదు. కొండకు ఈ పక్క చెట్లకు అరవం, ఆ పక్క చెట్లకు తెలుగు. అక్కడ అది బస్సు వచ్చే వేళ లాగా అందరికీ తెలిసిన సంగతే.

అమృతవల్లి పుట్టిల్లు ఆ కొండ కిందే. మొగుడికి చూపు పోయిన ఏడే ఆమె ఆ పక్క చెట్టు దగ్గరికి పోయి, తన కళ్ళు అతనికియ్యమని అడగబోయింది. సుదర్శనం ఆమె నోరు మూసినాడు. నీ కళ్ళతో నువ్వు తడుముకొనేది చూడాల్నా నేను అన్నాడు.

కొత్త అంబాసిడర్ కొన్నాక ఒక ఆదివారం దండపాణి ఇద్దరినీ తన వనాలు చూసొద్దాం రమ్మన్నాడు. సుదర్శనం వద్దన్నాడు. అమృతవల్లి పోదామనింది. డ్రైవరు ఏళుమలై బండిని ఎద్దులబండి లాగా నిదానంగా తోలినాడు. నీడ కనిపించిన చోటల్లా ఆగినారు. ఒక చోట ఇడ్లీ, ఒక చోట వేరుశనక్కాయలు. వనం వచ్చినప్పుడల్లా దండపాణి దిగి, చెట్టును అరవంలో అడిగి, దొప్ప నిండా తాగి, ఇది పులుపు, ఇది తేనె అని మీసం తుడుచుకొనేవాడు.

సుదర్శనం కిటికీ పక్కన కూర్చొని, యాడికొచ్చినాము వల్లీ అని అడుగుతానే ఉన్నాడు. ఆమె మలుపు మలుపుకూ చెప్తా వచ్చింది. ఎర్రమన్ను, మేకలు, కొండ మీద ఒంటి మేఘం.

"గుడ్డోనికి కొండ చూపించి ఏం చేస్తావమ్మా, వాడికి వాసన చాలు" అని దండపాణి నవ్వినాడు. ఏళుమలై నవ్వలేదు.

దండపాణి తిరువళ్ళూరులో అరవం చదివినవాడు. అరవంలో కల్లును నాలుక మడిచి 'కళ్ళు' అంటారు. వాడు తెలుగు మాట్లాడినా అట్లే అంటాడు. దారిలో అమృతవల్లి నోట 'కల్లు' అనే మాట వస్తే ఎగతాళి చేసినాడు. "అరవంలో కల్లంటే రాయి. నాలుక మడవడం ఎప్పుడు నేర్చుకుంటావు మరదలా?"

ఆమె నేర్చుకుంటా బావా అనింది.

కొండ దాటి అవతల పక్కకు దిగినారు. అక్కడి వనం దండపాణి మొన్ననే పట్టినాడు. అమృతవల్లి మొగుడి చెయ్యి పట్టుకొని చెట్టు కింద నిలబెట్టింది.

"ఇది ఆ పక్క చెట్టు బావా, తెలుగులో అడగల్ల. నాకు పలకడం రాదంటివి గదా. మీ తమ్ముడికి నువ్వే ఇప్పించు. గుత్త నీది, 'నా' అని నువ్వే అనల్ల."

సుదర్శనానికి అర్థమైంది. "అన్నా" అని నోరు తెరిచినాడు. ఆమె అతని చెయ్యి గట్టిగా నొక్కింది. అతను ఆ ఒక్క మాటతో ఆగిపోయినాడు.

దండపాణి పంచె సర్దుకొని తల పైకెత్తినాడు. తాగిన మత్తులో నాలుక ఇంకా బాగా మడతపడింది.

"నా కళ్ళు నా తమ్ముడికియ్యి."

గాలి లేకపోయినా ఆకులు కదిలినాయి. పైన కుండ ఒరిగి రెండే చుక్కలు రాలినాయి, సుదర్శనం రెప్పల మీద. అతను తుడుచుకున్నాడు. పెళ్ళాం వైపు తిరిగినాడు.

"వల్లీ, నీ చీర వంకాయ రంగు."

అప్పటికింకా మధ్యాహ్నం కూడా కాలేదు.

"ఏందిరా ఇది, అప్పుడే పొద్దు మునిగినాదా?" అన్నాడు దండపాణి.

ఏళుమలై వాడి చెయ్యి పట్టుకొని తీసుకుపోయి కిటికీ పక్కన కూర్చోబెట్టినాడు. తిరుగుదారిలో సుదర్శనం మేకలను చూసినాడు, కొండను చూసినాడు, ఎక్కువగా పెళ్ళాం మొహం చూసినాడు. దండపాణి మలుపు మలుపుకూ యాడికొచ్చినాము మరదలా అని అడిగినాడు. ఎవరూ చెప్పలేదు. పళ్ళిపట్టు దాటినాక ఏడుపు గొంతుతో, ఊర్లో అడిగితే ఏమని చెప్పేది అన్నాడు.

అమృతవల్లి కొంగు సర్దుకుంది.

"దోవ చూసి చూసి కళ్ళు పోయినాయని చెప్దాం బావా."