మారు వడ్డన

జగన్నాథరావుకి చదువుకున్నవాళ్ళని చూస్తే ఒళ్ళుమంట. ఎదురుపడితే నమస్కారం పెడతాడు, దాటిపోయాక తుపుక్కున ఉమ్మేస్తాడు. ఎనిమిదో తరగతిలో ఉండగా హైస్కూలువాళ్ళు టీసీ చేతిలో పెట్టి గేటు చూపించారు. అప్పట్నుంచీ భీమవరం రోడ్డులో ఐసు ఫ్యాక్టరీయే అతనికి బడీ గుడీను. రొయ్యల లారీలకి దిమ్మలు ఎక్కించి ఎక్కించి చేతులు మొద్దుబారిపోయాయి. నోరు మాత్రం ఇంకా పదునుగానే ఉంది.

ఆ శనివారం హైస్కూలు అటెండరు సైకిలు మీద ఫ్యాక్టరీకి వచ్చాడు.

"మీవాడు మళ్ళీ కొట్టాడండి."

"ఎవర్ని?"

"మురళీకృష్ణ గారి అబ్బాయినండి. బుజ్జిబాబుని."

జగన్నాథరావు మీసం కొంచెం పైకి లేచింది. "గట్టిగా తగిలిందా?"

"పెదవి చిట్లిందండి."

"అంతేనా."

"హెడ్మాస్టారు ఇద్దరికీ టీసీలు రాస్తానంటున్నారండి. మిమ్మల్ని రమ్మన్నారు."

మీసం దిగిపోయింది. గణేష్‌బాబు పదో తరగతి. పబ్లిక్ పరీక్షలు నెలన్నరలో ఉన్నాయి. ఇప్పుడు టీసీ అంటే ఏడాది పోయినట్టే, ఏడాది పోయినవాడు మళ్ళీ బడి మొహం చూడడు. ఆ సంగతి జగన్నాథరావుకి ఒకరు చెప్పక్కర్లేదు. అతను పక్కనున్న ఐసుదిమ్మ మీద చెయ్యి పెట్టాడు. ఈ చల్లదనం తన కొడుకు చేతికీ రాసిపెట్టి ఉందా అనుకున్నాడు.

అసలు మురళీకృష్ణ ఎవరనుకున్నారు? జగన్నాథరావుతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడే. ఎనిమిదో తరగతిలో ఒక మధ్యాహ్నం జగన్నాథరావు క్యారేజీని కాలితో తన్నాడు. వాళ్ళమ్మ తెల్లారగట్ట లేచి చేసిన దొండకాయ వేపుడు దుమ్ములో పొర్లింది. జగన్నాథరావు ఆ క్యారేజీ మూతతోనే వాడి కనుబొమ్మ చీల్చాడు. మురళీకృష్ణ తండ్రి ఊళ్ళో పెద్దమనిషి, జగన్నాథరావు తండ్రి కౌలురైతు. అందుకని ఒకడికి కుట్లు పడ్డాయి, రెండోవాడికి టీసీ పడింది. కుట్లు పడ్డవాడు డిగ్రీ చదివి సొసైటీ బ్యాంకులో గుమాస్తా అయ్యాడు. ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో. ఎదురుపడితే ఇద్దరూ తలెత్తి కరెంటు తీగలు చూస్తూ దాటిపోతారు. ఆ వీధిలో ఏ తీగ మీద ఎన్ని కాకులు వాలతాయో వాళ్ళిద్దరికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

హెడ్మాస్టరు వేంకటరమణ గారి గదిలో టీసీ పుస్తకం బల్ల మీదే ఉంది. పిల్లలిద్దరూ గోడకి ఆనుకుని నుంచున్నారు. మురళీకృష్ణ అప్పటికే వచ్చి ఓ పక్కన నుంచున్నాడు. పక్కనే సోషల్ చెప్పే హరిచందన టీచరు. రోజూ నిడదవోలు నుంచి పాసింజర్లో వస్తుంది. చిన్నపిల్ల, కొత్త ఉద్యోగం. జగన్నాథరావు ఆవిణ్ణి చూసి, ఇదిగో ఇంకో చదువుకున్నావిడ అనుకున్నాడు.

"గణేష్, కొట్టడానికి ముందు ఏం జరిగింది?" అని అడిగిందావిడ.

"నా సీట్లో కూర్చున్నాడండి."

"దానికి ముందు?"

"వీడు నా సైకిలు గాలి తీశాడండి," అన్నాడు బుజ్జిబాబు.

"దానికి ముందు?"

"మా నాన్నని ఐసుగడ్డ అన్నాడండి."

"దానికి ముందు?"

"మా నాన్నని అన్నం తన్నినోడు అన్నాడండి."

"నీకెవరు చెప్పారు గణేష్?"

గణేష్‌బాబు తండ్రి వైపు చూశాడు. టీచరు కూడా చూసింది. జగన్నాథరావు, మురళీకృష్ణ ఇద్దరూ ఒకేసారి తలలెత్తారు. గదిలో తీగలు లేవు గనక సీలింగు ఫ్యాను చూశారు. కరెంటు లేక అదీ కదలకుండా ఉంది.

"చెయ్యి గణేష్‌దేనండి," అంది హరిచందన హెడ్మాస్టరుతో. "అది ఎత్తింది మాత్రం ఎప్పుడో. నాకు ఒక వారం ఇప్పించండి. మధ్యాహ్నం వీళ్ళ అన్నం వాళ్ళబ్బాయి తినాలి, వాళ్ళ అన్నం వీళ్ళబ్బాయి తినాలి. క్యారేజీ తండ్రులే పట్టుకొచ్చి దగ్గరుండి తినిపించాలి. ఈ వారంలో ఒక్క చెయ్యి లేచినా టీసీలు నేనే రాసిస్తాను."

"ఇదేం శిక్షమ్మా, వియ్యాలవారి విందులా ఉంది," అన్నారు వేంకటరమణ గారు.

"శిక్ష కాదండి, పాఠం."

నా గింజలు వాడి కొడుకు నోట్లోకా అని జగన్నాథరావు నోటిదాకా వచ్చింది. బల్ల మీద పుస్తకం చూసి మింగేశాడు.

ఇంటికెళ్ళి చెబితే భార్య వీరవేణి కొడుకుని తిట్టలేదు, మొగుణ్ణి ఓదార్చలేదు. చీర కొంగు దోపుకుని, "సోమవారం ఏం కూర చెయ్యనండి?" అంది.

"మజ్జిగన్నం పంపు. వాడికదే ఎక్కువ."

"బాగానే ఉంది. సాయంత్రానికల్లా నాగదుర్గ వీధంతా చెప్పుకోదూ, వీరవేణి ఇంట్లో కూరకి దిక్కులేదని? మగాళ్ళు మీరు మీరు కొట్టుకు చావండి, నా వంట జోలికి రాకండి."

నాగదుర్గ అంటే మురళీకృష్ణ భార్య. ఆడవాళ్ళిద్దరూ కుళాయి దగ్గర మాట్లాడుకుంటూనే ఉంటారని జగన్నాథరావుకి ఆ రోజే తెలిసింది.

సోమవారం బడి వరండాలో రెండు చాపలు వేశారు. మధ్యలో స్తంభం. ఇటు జగన్నాథరావు ముందర బుజ్జిబాబు, అటు మురళీకృష్ణ ముందర గణేష్‌బాబు. పిల్లలు పరీక్ష హాల్లోలా బిగుసుకుని కూర్చున్నారు. జగన్నాథరావు గుత్తొంకాయ గిన్నెని కంచం పక్కకి నెట్టి మొహం కాలవ వైపు తిప్పుకున్నాడు. పెట్టమన్నారు, పెట్టాను. చూడమని ఎవరూ అనలేదు.

బుజ్జిబాబు మొదటి ముద్ద భయపడుతూ తిన్నాడు. రెండోది భయం లేకుండా తిన్నాడు. ఆ తర్వాత చప్పుడు వినబడలేదు, వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. కాసేపటికి ఆ వేళ్ళు కూడా ఆగిపోయాయి. జగన్నాథరావు ఓరగా చూశాడు. కంచం ఖాళీ.

మన గోదారి జిల్లాల్లో పుట్టినవాడు ఏదైనా చూసి ఊరుకోగలడు గానీ, ఎదురుగా ఖాళీ కంచం చూసి ఊరుకోలేడు. అది మర్యాదో జబ్బో ఎవరూ తేల్చలేదు. జగన్నాథరావు ఊరుకుందామనే అనుకున్నాడు. ఈలోగా చెయ్యి దాని పని అది చేసేసింది. అన్నం పెట్టి, ఇంకో వంకాయ వేసి, పైన నెయ్యి కూడా ఒంపింది.

"చాలండి," అన్నాడు బుజ్జిబాబు.

"చాలంటే ఎలాగ? ఇంకా పెరుగుంది."

అనేశాక తెలిసింది ఏం అన్నాడో. స్తంభానికి అవతల మురళీకృష్ణ గొంతు, "ఇంకో రెండు వడియాలు వేసుకో నాన్నా," అంటోంది. తన కొడుకుని ఆ మనిషి నాన్నా అంటుంటే జగన్నాథరావు చెవులు ఎర్రబడ్డాయి. ఫ్యాక్టరీకి పోతూ దారంతా తన కుడిచేతిని తనే తిట్టుకున్నాడు.

ఆ రాత్రి గణేష్‌బాబు, "వాళ్ళింట్లో గోంగూర రొయ్యలు భలే చేశారమ్మా," అన్నాడు. మర్నాడు వీరవేణి రొయ్యల వేపుడూ మామిడల్లం పచ్చడీ కలిపి పంపింది. దానికి జవాబుగా నాగదుర్గ కోడి పలావు చేసింది. బుధవారానికి రెండు గిన్నెల క్యారేజీలు పోయి నాలుగు గిన్నెలవి వచ్చాయి. హెడ్మాస్టరు గారు క్రమశిక్షణ పరిశీలించడానికని రోజూ సరిగ్గా భోజనం వేళకే వరండాలోకి వచ్చేవారు. పరిశీలనలో భాగంగా ఒక గారె కూడా తిన్నారు. ఏడో తరగతి కుర్రాళ్ళిద్దరు హరిచందన దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నారు.

"మేం కూడా కొట్టుకున్నామండి టీచర్."

"ఎప్పుడురా?"

"రేపండి."

శుక్రవారం జగన్నాథరావు తెల్లారకుండానే సైకిలేసుకుని భీమవరం చేపల మార్కెట్టుకి పోయి కొరమేను తెచ్చాడు. వీరవేణి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"మజ్జిగన్నం చాలన్నారుగా?"

"నీ కోసం తెచ్చానే."

"నేను చేపలు తినడం మానేసి రెండేళ్ళయిందండి."

మధ్యాహ్నం వేడి వేడి క్యారేజీతో అతను బడి గేటు దాటేసరికి గ్రౌండులో పిల్లలు గుంపుగా మూగి ఉన్నారు. చెడుగుడు ఆటలో ఏదో జరిగింది. గుంపు మధ్యలో గణేష్‌బాబు ఎడమచేత్తో బుజ్జిబాబు కాలరు పట్టుకుని, కుడిచేతి పిడికిలి పైకెత్తి ఉన్నాడు. చుట్టూ, "కొట్టరా, కొట్టరా," అని ఒకటే గోల. హెడ్మాస్టరు కిటికీలోంచి చూస్తున్నారు. గేటు దగ్గర మురళీకృష్ణ స్కూటరు స్టాండు వెయ్యడం మర్చిపోయి దాన్ని పట్టుకునే నుంచున్నాడు. హరిచందన వరండా మెట్ల మీద ఆగిపోయింది. ఆవిడ పిల్లల్ని చూడటం లేదు, జగన్నాథరావునే చూస్తోంది.

జగన్నాథరావు నాలుక చివర కూడా ఆ మాటే ఉంది. కొట్టరా. కొడుక్కి గోరుముద్దలతో పాటు పెట్టిన మాట అది. అంటే ఎంతసేపు? ఆ పిడికిలి దిగుతుంది, పుస్తకంలో కాయితం చిరుగుతుంది, వచ్చే నెల నుంచి ఆ చెయ్యి ఐసుదిమ్మలు మోస్తుంది. చేతిలో క్యారేజీ వేడిగా కాలుతోంది. తెల్లారగట్ట లేచి తెచ్చిన చేప, వీరవేణి చింతపండు పిండి పొయ్యి ముందు కూర్చుని వండిన పులుసు. ఇదీ మట్టిపాలేనా అనిపించింది.

"ఒరే గణేషూ," అని గట్టిగా కేకేశాడు. "వాణ్ణి వదలరా. వాడి అన్నం చల్లారిపోతోంది."

గోల ఆగిపోయింది. ఎక్కడో ఎవడో కిసుక్కుమన్నాడు. కాలరు ఇంకా పట్టులో ఉండగానే బుజ్జిబాబు మెడ ఇటు తిప్పి, "ఇవాళ ఏం కూరండీ?" అన్నాడు.

"కొరమేను పులుసు."

గణేష్‌బాబు పిడికిలి గాల్లోనే ఉంది. వాడు గేటు వైపు చూశాడు. మురళీకృష్ణ గొంతు సవరించుకుని, "పనసపొట్టు, నాన్నా. ఆవ పెట్టింది," అన్నాడు.

పిడికిలి ఎప్పుడు విచ్చుకుందో ఎవరూ చూడలేదు. అన్నం తినే చెయ్యి కడుక్కోవాలిగా. ఇద్దరూ కుళాయి దగ్గరికి పరిగెత్తారు, నువ్వు ముందంటే నువ్వు ముందని తోసుకుంటూ.

హరిచందన మెట్ల మీదే కూలబడింది. జగన్నాథరావు దగ్గరికొచ్చాక, "చెయ్యి పడే ముందు ఒక్క క్షణం ఉంటుందండి," అంది. "ఆ క్షణంలో ఎవరో ఒకరు వేరే మాట అంటారా అని చూశాను. నా వల్ల కాలేదు, నోరు పెగల్లేదు."

"ఫర్వాలేదమ్మా," అన్నాడు జగన్నాథరావు. "చదువుకున్నదానివైనా అడ్డు రాలేదు, అదే పదివేలు. భోంచేశావా?"

కిటికీలో వేంకటరమణ గారు టీసీ పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేస్తున్న చప్పుడు వరండాలోకి వినిపించింది.

శనివారం ఆఖరి రోజు. పిల్లలు చాపలు రెండూ కలిపి వేసుకుని, ఎవరి కంచంలో ఎవరు తింటున్నారో తెలీకుండా తింటున్నారు. తండ్రులకి పని లేకపోయింది. మురళీకృష్ణ క్యారేజీ అడుగున విడిగా ఒక చిన్న గిన్నె ఉంది. దాన్ని తీసి, స్తంభం ఇటువైపుకొచ్చి, జగన్నాథరావు ముందు పెట్టి మూత తీశాడు. దొండకాయ వేపుడు. సన్నగా తరిగి, కొబ్బరికోరు చల్లి, కరకరలాడేలా వేయించి ఉంది.

జగన్నాథరావు దాని వంక చాలాసేపు చూశాడు. మురళీకృష్ణ కనుబొమ్మ మీద పాత కుట్ల గీత వంక కూడా చూశాడు.

"బాగా ఆలస్యంగా తెచ్చారండి," అన్నాడు.

"బ్యాంకులో పని ఎక్కువండి," అన్నాడు మురళీకృష్ణ.

జగన్నాథరావు ఒక కంచం ముందుకు లాక్కుని అన్నం పెట్టుకున్నాడు. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని నమిలాడు.

"ఉప్పు తక్కువైందిరా."

"మా ఇంట్లో అంతే తింటాం. నీకు కావాలంటే నీ నోట్లో బోలెడుంది, కలుపుకో."

పిల్లలిద్దరూ తినడం ఆపి తలలెత్తారు. జగన్నాథరావు తల వంచుకుని తింటూనే ఉన్నాడు. గిన్నె సగమైంది, కంచం ఖాళీ అయింది. మురళీకృష్ణ అడగనన్నా అడక్కుండా అన్నం పెట్టి, మిగిలిన వేపుడంతా దాని మీద బోర్లించాడు.

"చాలురా," అన్నాడు జగన్నాథరావు, కంచానికి చెయ్యి అడ్డం పెడుతూ.

"చాలంటే ఎలాగరా," అని మురళీకృష్ణ ఆ చెయ్యి పక్కకి తీసి, నెయ్యి గిన్నె అందుకున్నాడు.